అసిమోవ్ అన్ని పుస్తకాలు ఎలా రాశాడు? ఇవాళ అది కుదిరే పనేనా?

ప్రశ్న అడిగినవారు ఉద్యోగం చేసుకుంటూ, తీరిక దొరికినప్పుడల్లా సైన్స్ వ్యాసాలు రాస్తున్నారట. సైన్స్, సైన్స్ ఫిక్షన్ రాసిన అమెరికన్ రచయిత ఐజాక్ అసిమోవ్ 500 పుస్తకాలు రాశాడని ఎక్కడో చదివి మూడు సంగతులు అడిగారు. అది నిజమేనా? నిజమైతే ఎలా కుదిరింది? అదే దారిలో ఇవాళ ఎవరైనా బతకగలరా?

పాపులర్ సైన్స్, చరిత్ర పుస్తకాలకు సంపాదకుడిగా చాలాకాలం పనిచేశాను. అసిమోవ్ నాన్-ఫిక్షన్‌లో, అంటే కల్పన కాని రచనల్లో, పెద్ద భాగమే చదివాను, ఆత్మకథ సంపుటాలతో సహా. జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ముందు ఆ అంకె సంగతి తేల్చేద్దాం. 500 నిజమే, ఆ మాటకొస్తే ఇంకొంచెం ఎక్కువే. కాని ఆ లెక్కలో ఏమేం కలిశాయో చూడాలి. ఇతరుల కథలను ఏరి కూర్చిన సంకలనాలే 100కు పైగా ఉంటాయి. వాటిలో చాలావాటికి మార్టిన్ గ్రీన్‌బర్గ్ తోడు సంపాదకుడు. అనుమతులు తేవడం, ఒప్పందాలు చూడడం లాంటి చాకిరీ ఎక్కువగా ఆయనదే. పిల్లల కోసం రాసిన పలచటి పుస్తకాలు డజన్ల కొద్దీ ఉన్నాయి. పత్రికల్లో వచ్చిన వ్యాసాలను గుదిగుచ్చి వేసిన సంపుటాలు మరికొన్ని. మొదటి పుస్తకం 1950లో వచ్చింది. నూరోది 1969లో, రెండు వందలోది 1979లో, మూడు వందలోది 1984లో. అంటే మొదటి వందకు 19 ఏళ్లు, రెండో వందకు 10, మూడో వందకు 5. ఇది చూసి చాలామంది వయసుతో పాటు వేగం పెరిగిందనుకుంటారు. నా ఉద్దేశంలో పెరిగింది వేగం కాదు, తేలికపాటి పుస్తకాల పాలు.

పైగా ఆ లెక్కంటే ఆయనకే మహా సరదా. నూరో పుస్తకంగా వచ్చిన ‘ఓపస్ 100’ అంతకుముందు వచ్చిన 99 పుస్తకాల్లోంచి ముక్కలు ఏరి, వాటికి కబుర్లు జోడించి తయారుచేసినది. లెక్కపెట్టడాన్నే ఒక పుస్తకం చేసేశాడన్నమాట. రెండు వందలో పుస్తకం దగ్గర ఇద్దరు ప్రచురణకర్తలు మాకంటే మాకన్నారు. ఎవరినీ నొప్పించడం ఇష్టం లేక రెండు పుస్తకాలనూ రెండు వందలోవే అన్నాడు. ఒకటి ‘ఓపస్ 200’, రెండోది ఆత్మకథ మొదటి సంపుటం.

సరే, ఈ తాలు అంతా చెరిగేస్తే ఏం మిగులుతుంది? మిగిలిందే అసలు ఆశ్చర్యం. 1958 నుంచి 1972 దాకా సుమారు పద్నాలుగేళ్లు ఆయన కల్పన దాదాపు మానేసి నాన్-ఫిక్షన్ మీదే పడ్డాడు. మధ్యలో ఒక సినిమా కథను నవలగా రాసివ్వడం, అడపాదడపా ఓ కథ, అంతే. ఆ కాలంలోనే సైన్స్ మొత్తానికి రెండు సంపుటాల గైడు, వెయ్యిమందికి పైగా శాస్త్రవేత్తల జీవిత విజ్ఞాన కోశం, బైబిల్‌కు రెండు సంపుటాలు, షేక్‌స్పియర్‌కు రెండు సంపుటాలు వచ్చాయి. ఇంకా అంకెలు, కొలతలు, బీజగణితం, మెదడు, రక్తం, గ్రీకులు, రోమన్లు, ఈజిప్టు. మీరు అడగాల్సింది ఈ పద్నాలుగేళ్ల గురించి.

అక్కడికి ఎలా చేరాడో చూస్తే చాలా విషయాలు విడిపోతాయి. రష్యాలో స్మోలెన్స్క్ దగ్గరి పెట్రోవిచి అనే ఊళ్లో పుట్టాడు. పుట్టిన తేదీ ఇంట్లోవాళ్లకే కచ్చితంగా తెలియదు, 1920 జనవరి 2 అని పెట్టుకున్నారు. 1923లో కుటుంబం అమెరికా చేరి బ్రూక్లిన్‌లో స్థిరపడింది. తండ్రి మిఠాయిలు, సిగరెట్లు, పత్రికలు అమ్మే కొట్టు నడిపాడు. తెల్లారకముందే తెరిచి అర్ధరాత్రి దాకా నడిపే కొట్టు. పిల్లవాడు బడికి పోయే ముందూ వచ్చాకా అందులోనే పనిచేశాడు. పెద్దయ్యాక కూడా తన పనివేళలు ఆ కొట్టు వేళలేనని ఆయనే రాసుకున్నాడు. వారాంతం, సెలవు అనేవి ఆయన బుర్రలో లేవు. కొలంబియా యూనివర్సిటీలో రసాయన శాస్త్రం చదివి, యుద్ధకాలంలో ఫిలడెల్ఫియా నౌకాదళ ప్రయోగశాలలో పనిచేసి, 1948లో డాక్టరేట్ తెచ్చుకున్నాడు. 1949లో బోస్టన్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో బయోకెమిస్ట్రీ చెప్పే ఉద్యోగం, ఏడాదికి 5,000 డాలర్ల జీతం.

డాక్టరేట్‌కు ముందు జరిగిన ఒక తమాషా చెప్పాలి, ఎందుకంటే నాన్-ఫిక్షన్ రచయిత అక్కడే బయటపడ్డాడని నా నమ్మకం. సిద్ధాంత గ్రంథం రాయాల్సిన రోజుల్లో, ఆ పొడిపొడి పరిశోధన భాషను వెక్కిరిస్తూ నీళ్లు తగలకముందే కరిగిపోయే థయోటిమొలీన్ అనే పదార్థం మీద ఒక దొంగ పరిశోధన పత్రం రాశాడు. పట్టికలు, గ్రాఫులు, లేని పత్రికల నుంచి ఆధారాలు, అన్నీ ఉన్నాయి. అది సొంత పేరుతోనే 1948 మార్చిలో ఒక సైన్స్ ఫిక్షన్ పత్రికలో అచ్చయింది. మారుపేరు పెట్టమని అడిగినా సంపాదకుడు పెట్టలేదు. పరీక్షకులు దాన్ని చూసి తనను ఫెయిల్ చేస్తారేమోనని ఒకటే టెన్షన్. చివరికి మౌఖిక పరీక్షలో ఆఖరి ప్రశ్న ఆ థయోటిమొలీన్ గురించే అడిగారు. అందరూ నవ్వారు, పట్టా ఇచ్చారు. శాస్త్రం తెలిసినవాడు, ఆ శాస్త్రం మాట్లాడే తీరును బయటినుంచి చూసి నవ్వగలవాడు, రెండూ ఒకే మనిషిలో ఉండడం అరుదు. జనానికి సైన్స్ చెప్పాలంటే ఆ రెండూ కావాలి.

తరవాత 1952లో ఇద్దరు సహోద్యోగులతో కలిసి వైద్య విద్యార్థులకు బయోకెమిస్ట్రీ పాఠ్యపుస్తకం రాశాడు. ఆ పని ఆయనకు నచ్చలేదు. ముగ్గురికీ మూడు శైలులు, ప్రతి వాక్యానికీ బేరసారాలు. కొత్త పరిశోధన వచ్చిన ప్రతిసారీ సవరణ. కాని అందులో నేర్చుకున్నది ఊరికే పోలేదు. అదే విషయాన్ని 1954లో కుర్రకారు చదివేలా ‘ది కెమికల్స్ ఆఫ్ లైఫ్’గా రాశాడు. ఎంజైములు, విటమిన్లు, హార్మోన్ల గురించిన చిన్న పుస్తకం. పని చకచకా సాగింది, సుఖంగానూ ఉంది. అక్కడినుంచి మూలకాల మీద ఒకటి, కార్బన్ మీద ఒకటి, నైట్రోజన్ మీద ఒకటి, రక్తం మీద ఒకటి.

నేను చెప్పదలచుకున్నది ఇక్కడే ఉంది. అసిమోవ్ అసలు నేర్పు వేగంగా టైపు చేయడం కాదు. ఒకసారి కష్టపడి తెలుసుకున్నదాన్ని ఒక్క పుస్తకంతో వదిలిపెట్టకపోవడం. ప్రతి పుస్తకమూ పక్క పుస్తకానికి సగం సరుకు సిద్ధం చేసి పెట్టేది. రక్తం గురించి రాసినవాడికి శరీరం గురించి రాయడం కష్టం కాదు, శరీరం అయ్యాక మెదడు. బైబిల్ గైడు రాయాలంటే బాబిలోనియా, ఈజిప్టు, రోము చరిత్ర తిరగేయాలి, పిల్లలకు రాసిన ప్రాచీన చరిత్ర పుస్తకాలూ ఆ చదువు చుట్టుపక్కలవే. జాబితాలో దూరం దూరంగా కనిపించే విషయాలు ఆయన బల్ల మీద పక్కపక్కనే ఉండేవి.

1957 అక్టోబర్ 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను ప్రయోగించింది. సైన్స్‌లో వెనకబడిపోయామని అమెరికా ఒక్కసారిగా ఉలిక్కిపడింది. మర్నాటి ఏడాది సైన్స్ చదువుల కోసం ప్రత్యేకంగా చట్టం చేసి నిధులిచ్చారు. బడి గ్రంథాలయాలకు సైన్స్ పుస్తకాలు కావాలి, పెద్దవాళ్లకూ ఈ గోలంతా ఏమిటో తెలియాలి. రాయగల శాస్త్రవేత్తలు మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. తనకూ ఈ ఉలికిపాటు తగిలిందని, కథల కంటే సైన్స్ చెప్పడం అవసరమనిపించిందని ఆయన రాసుకున్నాడు. అదృష్టమంటే ఇదీ. కాని ఆ అదృష్టం తలుపు తట్టేనాటికి ఆయన దగ్గర అరడజనుకు పైగా సైన్స్ పుస్తకాల అనుభవం ఉందని మరిచిపోకండి.

అదే సమయానికి యూనివర్సిటీలో పేచీ ముదిరింది. పై అధికారులకు ఆయన పరిశోధన చేయాలని ఉంది. పరిశోధనలో తాను మామూలువాణ్ణని, సైన్స్ రచనలో మాత్రం దేశంలోని మేటివాళ్లలో ఒకడు కాగలనని, దానివల్ల స్కూలుకే పేరొస్తుందని ఆయన వాదించాడు. వాళ్లు ఒప్పుకోలేదు. 1958లో పాఠాలు ఆగిపోయాయి, జీతం ఆగిపోయింది. అసోసియేట్ ప్రొఫెసర్ హోదాను మాత్రం పోట్లాడి నిలుపుకున్నాడు. 1979లో అదే యూనివర్సిటీ పూర్తి ప్రొఫెసర్‌ను చేసింది, పాఠం చెప్పకుండానే.

ఉద్యోగం మానేసి రచయిత కావాలని కలగనేవాళ్లు ఈ ఘట్టాన్ని ధైర్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. నాకది లెక్క తెలిసిన మనిషి చేసిన పనిలా కనిపిస్తుంది. 1952 నాటికే రాతల మీద వచ్చే డబ్బు జీతాన్ని దాటింది. అయినా మరో ఆరేళ్లు ఉద్యోగంలో ఉన్నాడు. బయటికొచ్చేటప్పుడు కూడా ప్రొఫెసర్ అనే మాటను వదల్లేదు, పుస్తకం అట్ట మీద ఆ మాటకు ఎంత విలువో ఆయనకు తెలుసు.

ఇక కాలమ్. మీరు వ్యాసాలు రాస్తున్నారు కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుతాను. 1958 నవంబర్ సంచికతో ‘ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్’ అనే మాసపత్రికలో నెలకో సైన్స్ వ్యాసం మొదలుపెట్టాడు. ఒక్క నెల కూడా తప్పకుండా 1992 దాకా 399 వ్యాసాలు రాశాడు. గుండెపోటు వచ్చిన ఏడాదిలోనూ, బైపాస్ జరిగిన ఏడాదిలోనూ ఆ వ్యాసం ఆగలేదు. పత్రిక చిన్నది, డబ్బు పెద్దగా ఉండేది కాదు. కాని ఏ విషయం మీద రాయాలో పూర్తిగా ఆయన ఇష్టం. ఈ నెల మూలకాలు, వచ్చే నెల క్యాలెండరు, ఆపై నెల చంద్రుడు. నచ్చిన రాతల్లో అన్నిటికంటే ముందు అదేనని ఆయన చాలాసార్లు చెప్పాడు. సుమారు ఏడాదిన్నరకోసారి 17 వ్యాసాలు చేరేవి, డబుల్‌డే వాళ్లు సంపుటం వేసేవాళ్లు. మొదటిది ‘ఫ్యాక్ట్ అండ్ ఫ్యాన్సీ’, 1962లో. వ్యాసానికి ఒకసారి డబ్బు, సంపుటానికి మరోసారి, పేపర్‌బ్యాక్‌కు ఇంకోసారి. 1963లో సైన్స్ ఫిక్షన్ అభిమానులిచ్చే హ్యూగో పురస్కారం ప్రత్యేకంగా ఈ వ్యాసాలకే దక్కింది.

ఒక వ్యాసం ఎలా నడుస్తుందో ఉదాహరణ చూపిస్తాను. 1980లలో రాసిన ‘ది రిలేటివిటీ ఆఫ్ రాంగ్’ తీసుకోండి. సాహిత్యం చదువుకున్న ఒక పాఠకుడు ఉత్తరం రాశాడు. ప్రతి శతాబ్దంలోనూ జనం విశ్వం తమకు అర్థమైపోయిందనుకుంటారు, తరవాత అది తప్పని తేలుతుంది, కాబట్టి నేటి సిద్ధాంతాలూ తప్పే కదా అని. దానికి అసిమోవ్ వేదాంతం చెప్పలేదు, కొలతలు చెప్పాడు. భూమి బల్లపరుపు అంటే మైలుకు వంపు సున్నా. గుండ్రమంటే మైలుకు సుమారు 8 అంగుళాలు. ధ్రువాల దగ్గర నొక్కుకుపోయిందని తేలాక ఆ వంపు చోటును బట్టి 7.973 నుంచి 8.027 అంగుళాల దాకా మారుతుంది. సున్నా నుంచి 8కి వెళ్లిన సవరణ ఎంత, 8 నుంచి 8.027కి వెళ్లిన సవరణ ఎంత? అన్ని తప్పులూ ఒకే కొలత తప్పులు కావని పాఠకుడు తనంతట తానే చూస్తాడు. ఇందులో వర్ణన లేదు, ఉద్వేగం లేదు. సరైన మూడు అంకెలు సరైన వరసలో ఉన్నాయి. అలా వరస పెట్టడమే కష్టమైన పని.

వ్యాసాల తీరు దాదాపు ఎప్పుడూ ఒకటే. ముందు సొంత జీవితంలోంచి ఒక చిన్న కబురు, తనను తాను పొగుడుకుంటూనో వెక్కిరించుకుంటూనో. తరవాత ఆ విషయాన్ని మొట్టమొదట ఎవరు గమనించారు, ఎందుకు పొరబడ్డారు, ఎవరు దిద్దారు అని మెట్టు మెట్టుగా నేటి దాకా. చరిత్ర క్రమం పట్టుకుంటే పాఠకుడికి ముందుగా ఏమీ తెలిసి ఉండక్కర్లేదు, మొదట కనుక్కున్నవాడికీ తెలియదు కాబట్టి. రచయితకూ ఇందులో లాభముంది. తరవాత ఏం రాయాలి అని వెతుక్కోనక్కర్లేదు, కాలమే వరస ఇస్తుంది. ఇంత రాశాడంటే ఈ నిర్మాణానికీ అందులో పెద్ద వాటా ఉంది.

శైలి గురించి ఆయనే ఒక పోలిక చెప్పాడు. రంగుల అద్దాల కిటికీ లాంటి రచన ఒకటుంటుంది, అద్దమే అందం. మామూలు గాజు పలక లాంటిది మరొకటి, దాని గుండా అవతల ఏం జరుగుతోందో చూస్తాం, గాజును గమనించం. తనది రెండోదన్నాడు. అందులో కష్టమేమీ లేదనుకునేవాళ్లు ఒకసారి ప్రయత్నించి చూడండి. సంపాదకత్వంలో నా చేతికొచ్చిన రాతప్రతుల్లో ఎక్కువ పాలు వాక్యాన్ని అందంగా చేయబోయి అర్థం చెడగొట్టినవే.

1960 నాటి ‘ది ఇంటెలిజెంట్ మ్యాన్స్ గైడ్ టు సైన్స్’ ఆయన్ను నిలబెట్టింది. బేసిక్ బుక్స్ తరఫున సంపాదకుడు లియాన్ స్విర్‌స్కీ అడిగింది ఇరవయ్యో శతాబ్దపు సైన్స్‌ను జనానికి వివరించే ఒక పుస్తకం. అసిమోవ్‌కు ఆగడం రాలేదు. ఇరవయ్యో శతాబ్దం అర్థం కావాలంటే అంతకుముందుదీ చెప్పాలన్నాడు, అది రెండు సంపుటాలైంది. అంతా నెలల్లోనే ముగించాడు. స్విర్‌స్కీ కత్తెర గట్టిగా వేయడం ఆయనకు నచ్చలేదు. నేనూ కత్తెర పట్టినవాణ్ణే కాబట్టి స్విర్‌స్కీ మీద నాకు కాస్త జాలి. పుస్తకం బాగా అమ్ముడుపోయి నేషనల్ బుక్ అవార్డు పరిశీలన దాకా వెళ్లింది.

ఆ పుస్తకం తరవాతి జీవితం ఇంకా పాఠం నేర్పుతుంది. అది వచ్చిన మర్నాడే పాతబడడం మొదలైంది. 1961లో జన్యు సంకేతంలో మొదటి పదం చదివారు. 1963లో చాలా దూరాన మహా ప్రకాశంగా వెలిగే క్వేజార్లు, 1965లో విశ్వమంతా నిండిన మైక్రోవేవ్ రేడియేషన్, 1967లో లయగా రేడియో తరంగాలు పంపే పల్సార్లు, ఆ దశకం చివరికి ఖండాల కింద పలకల కదలిక. 1965, 1972, 1984లలో పుస్తకాన్ని తిరగరాయాల్సి వచ్చింది. పేరు మారిన తీరు చూడండి. 1972లో ‘ఇంటెలిజెంట్ మ్యాన్’ పోయి ‘అసిమోవ్స్ గైడ్ టు సైన్స్’ అయింది. పన్నెండేళ్లలో రచయిత పేరే సరుకుకు ముద్ర అయిపోయింది. ఇక ఏ ప్రచురణకర్తకైనా విషయం ఏదన్నది రెండో ప్రశ్న. బైబిల్ మీదా, షేక్‌స్పియర్ మీదా ఒక బయోకెమిస్టు రాసిన గైడ్లు అచ్చయ్యాయంటే కారణం అదే.

రోజువారీ పని ఎలా ఉండేదంటే, పొద్దున్నే కూర్చుంటే రాత్రి దాకా, భోజనాలకూ ఫోన్లకూ లేస్తూ. నిమిషానికి 90 పదాలు టైపు చేసేవాడు. ఒకసారి రాయడం, ఒకసారి దిద్ది తిరిగి టైపు చేయడం, ఆపైన ముట్టుకోడు. పరిశోధన సహాయకులు లేరు, సెక్రటరీ లేదు. తొలినాళ్ల తరవాత సాహిత్య ఏజెంటూ లేడు. విషయసూచికలు కూడా కార్డుల మీద తానే రాసుకునేవాడు, ఆ పని ఇష్టమట. ఒకేసారి రెండు మూడు పుస్తకాలు నడిపేవాడు, ఒకటి మొరాయిస్తే రెండోదానికి మారిపోయేవాడు. విమానం ఎక్కడమంటే భయం, జీవితంలో రెండేసార్లు ఎక్కాడు. కిటికీలు లేని మూసిన గదులంటే ఇష్టం. చిన్నప్పుడు భూగర్భ రైలు స్టేషన్లో పేపర్ల కొట్టు పెట్టుకోవాలని కలగన్నాడు, తన దుకాణంలో కూర్చుని రైళ్ల చప్పుడు వింటూ చదువుకోవచ్చని.

ఈ ఆఖరి సంగతులు తమాషాకు చెప్పలేదు. ఆయన రాసిన నాన్-ఫిక్షన్ ఏ రకమో అవి చెబుతున్నాయి. ఆ పుస్తకాల్లో రచయిత ఎక్కడికీ వెళ్లడు. ఎవర్నీ ఇంటర్వ్యూ చేయడు, ప్రయోగశాలలో నిలబడి వాసన చూడడు, పాత కాగితాల గదుల్లో దుమ్ము దులపడు. చదివినదాన్ని క్రమంలో పెట్టి విడమరిచి చెబుతాడు. దాన్ని అంత బాగా చేసినవాళ్లు తక్కువ. కాని ఒక అడవి గురించో, ఒక జబ్బు గురించో, ఒక యుద్ధం గురించో ఏళ్ల తరబడి తిరిగి ఒక్క పుస్తకం రాసేవాళ్లతో ఈ అంకెను పోల్చడం అన్యాయం. ఆయన లోటూ ఇక్కడే ఉంది. ఏ పుస్తకం తెరిచినా తెలిసిపోయిన సైన్స్ కనిపిస్తుంది, ఇంకా తేలక కొట్టుకుంటున్న సైన్స్ తక్కువ.

డబ్బు సంగతి సూటిగా చెబుతాను. ఏ ఒక్క పుస్తకమూ ఆయన్ను ధనవంతుణ్ణి చేయలేదు. చిన్న అడ్వాన్సులు, నిదానంగా అమ్ముడుపోయే పుస్తకాలు, అవి వందల కొద్దీ. డబుల్‌డే, హౌటన్ మిఫ్లిన్, వాకర్ ఇలా చాలామందికి రాశాడు, ఒకరు కాదన్నా ఇంకొకరుండేవాళ్లు. పెద్ద అడ్వాన్సు తీసుకుంటే పుస్తకం అంత సంపాదించకపోతే సిగ్గుగా ఉంటుందని ఆయనకు బెరుకు. చివరికి డబుల్‌డే వాళ్లే పట్టుబట్టి, మామూలు అడ్వాన్సుకు పది రెట్లు, 50,000 డాలర్లు ఇచ్చి మళ్లీ ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాయించారు. 1982లో వచ్చిన ఆ ‘ఫౌండేషన్స్ ఎడ్జ్’ ఆయన 262వ పుస్తకం, న్యూయార్క్ టైమ్స్ బెస్ట్‌సెల్లర్ జాబితాకు ఎక్కిన మొదటిది. అన్నేళ్ల సైన్స్ వివరణ ఇవ్వనిది ఒక్క నవల ఇచ్చింది. నాన్-ఫిక్షన్ రాసేవాళ్లెవరికైనా ఇది మింగుడుపడని విషయమే.

మిగతా ఖర్చు కూడా చెప్పకపోతే జవాబు సగమే. మొదటి పెళ్లి 1973లో విడాకులతో ముగిసింది. తలుపు మూసుకుని టైపు చేసే మనిషితో కాపురం ఎలా ఉంటుందో ఆత్మకథలో వరసల మధ్య తెలుస్తూనే ఉంటుంది. సభల్లో, ఆఫీసుల్లో ఆడవాళ్లతో ఒళ్లు తాకుతూ వెకిలిగా ప్రవర్తించేవాడని చాలామంది రాసి పెట్టారు. ఆ కాలంలో నవ్వులాటగా చెలామణి అయింది, అది వేధింపే. 1977లో గుండెపోటు వచ్చింది. 1983 డిసెంబర్లో బైపాస్ జరిగినప్పుడు ఎక్కించిన రక్తం ద్వారా హెచ్ఐవీ సోకింది. 1992 ఏప్రిల్ 6న చనిపోయాడు. అసలు కారణం 2002లో రెండో భార్య జానెట్ వెల్లడించిందాకా లోకానికి తెలియదు.

ఇక ఇవాళ కుదురుతుందా అన్నది. అదే రూపంలో కుదరదని నా అభిప్రాయం. 1960లో ఎంజైము అంటే ఏమిటో తెలుసుకోవాలంటే గ్రంథాలయానికి పోయి ఆయన పుస్తకం తీయాలి. ఇప్పుడు ఫోన్ తీస్తే చాలు. వట్టి వివరణకు అప్పట్లో ఉన్న కరువు ఇప్పుడు లేదు, కాబట్టి దానికి డబ్బిచ్చేవాళ్లూ తగ్గారు. గ్రంథాలయాల కొనుగోళ్ల మీద బతికే పలచటి పుస్తకాల బేరం కూడా అప్పటిలా లేదు. కరువు ఉన్నది నమ్మదగిన గొంతుకు. ఒకే మనిషి నెల నెలా, ఏళ్ల తరబడి, తనకు నచ్చిన విషయం మీద శ్రద్ధగా రాస్తూ పోతే పాఠకులు ఇప్పటికీ ఆ మనిషి వెనక వస్తారు. మీరు ఆయన దగ్గర తీసుకోవాల్సింది ఆ కాలమ్ అలవాటు. తరవాతి వ్యాసాన్ని ఇప్పుడు రాస్తున్న దాని పక్క గదిలోంచే ఎంచుకోండి, ఈసారి చదివింది వచ్చేసారికీ పనికొస్తుంది. వేగం జోలికి పోకండి. ఆయన రెండు ప్రతులతో వదిలేసేవాడంటే అంతకుముందే వేల పుటలు రాసి చెయ్యి తిరిగింది. ఉద్యోగం చేసుకుంటూ రాస్తున్నానన్నారు కదా. రాతల మీద వచ్చేది జీతాన్ని దాటాక కూడా ఆరేళ్లు ఆగినవాడి గురించి మాట్లాడుతున్నాం, మీరు రాజీనామా పత్రం గురించి ఇప్పుడే ఆలోచించనక్కర్లేదు.

ఆయన్ను చదవాలనుకుంటే పాత ఖగోళ శాస్త్రం, మెదడు పుస్తకాలతో మొదలుపెట్టకండి, వాటిలో సగం మారిపోయింది. పత్రికా వ్యాసాల సంపుటాలు ఏవి దొరికినా సరే, ముఖ్యంగా చరిత్ర ఎక్కువగా ఉన్నవి. 1989లో వచ్చిన ‘క్రోనాలజీ ఆఫ్ సైన్స్ అండ్ డిస్కవరీ’ బల్ల మీద పెట్టుకుని ఎక్కడ తెరిచినా చదువుకోవచ్చు. శాస్త్రవేత్తల విజ్ఞాన కోశం దొరికితే 1982 ప్రతి వెతకండి, అందులో 1,510 మంది ఉన్నారు. అక్షర క్రమంలో కాక కాలక్రమంలో పెట్టాడు కాబట్టి మొదటి పుట నుంచి కథలా చదువుకోవచ్చు.